బేగంబజార్ దుబాయి

"ఆ చిట్టి పీకెయ్యి బాపు."

"ఏ చిట్టి?"

"అత్తరు సీస అడుగుకు. బేగంబజార్ అని దుకాణం పేరు గింత పెద్దగ ఉన్నది. దుబాయిల బేగంబజార్ ఎక్కడున్నదని అమ్మ అడిగితె ఏం చెప్తవ్?"

"అరె, నాకు కనవడనే లేదు. జర నీ గోరుతోని గీకు."

"దొంగతనం నీది, గోర్లు నావా?"

"దొంగతనం అనకురా, నలుగురు ఇంటరు."

"మరేమనాలె? ఎగుమతి యాపారమా?"

"గట్లనే అను. మంచిగనే ఉన్నది ఆ మాట."

డిసెంబర్ ఆఖరి వారం, కామారెడ్డి బస్టాండు. ఏడాది కింద దుబాయి పోయిన బాలమల్లు ఇప్పుడే విమానం దిగి సెలవు మీద వస్తున్నాడని యెల్లారెడ్డిలో అందరూ అనుకుంటున్నారు. అసలు సంగతి ఎరిగినవాడు పక్కనే కూర్చున్న కొడుకు చక్రధర్ ఒక్కడే అని బాలమల్లు ధీమా. హైదరాబాద్‌లో డిగ్రీ మొదటి ఏడు చదువుతూ క్రిస్మస్ సెలవులకు ఇంటికి పోతున్నాడు.

"ఈ అట్టపెట్టె మీద నీ పేరెందుకు రాసుకున్నవ్?"

"దుబాయి నుంచి వచ్చినోల్లందరు రాస్తరు. టేపు ఏసి, తాడు కట్టి, పేరు రాయాలె. లేకుంటె ఎవలు నమ్మరు."

"ఈ పక్క 'కూకట్‌పల్లి' అని అచ్చేసి ఉన్నది."

"అయితె ఆ పక్క నువ్వు పట్టుకొని నడువు. నీ పొట్టకు ఆనిచ్చి పట్టుకో."

"నేను డిగ్రీ చదువుతున్న బాపు. కూకట్‌పల్లిని పొట్టకు ఆనిచ్చుకోనీకి కాదు."

"డిగ్రీల ఇదొక పేపరు అనుకో. సరే, ముచ్చట ఒకపారి అనుకుందాం. నేను పొద్దుగాల శంషాబాద్‌ల దిగిన. నువ్వు నన్ను తీస్కపోనీకి వచ్చినవ్."

"పొద్దుగాల నేనొచ్చిన్నా? అమ్మ ఈడనే దొరకవడ్తది. హాస్టల్ల ఉప్మా గిన్నె కడిగిన చప్పుడు ఇనవడ్తెనే నాకు తెల్లారుతది. ఆమెకెరుక."

"అయితె మధ్యాన్నం దిగిన."

"మధ్యాన్నం దిగినోనివి మధ్యాన్నమే కామారెడ్డిల ఉన్నవా? విమానం నిన్ను మేడ్చల్ కాడ ఇడిసిపెట్టి పోయిందా?"

"నీకు మస్తు ఎటకారమైంది. పట్నం నీళ్లు తాగినంక."

"నీళ్లు నువ్వు గూడ అవే తాగుతున్నవ్ కద."

"మెల్లగ మాట్లాడు."

"బాపు, నాతోని ఏమన్నవ్? సెలవులకు ఇంటికొస్త, అమ్మకు నా నోటితోనే చెప్త అన్నవ్. అందుకే నేను ఇన్ని దినాలు నోరు మూసుకున్న. ఇప్పుడేమొ ఖర్జూరాలు, అత్తరు, తలనొప్పికి పులిబొమ్మ మందు, దుప్పటి. ఇది చెప్పనీకి పోయేటోని సామానేనా?"

"ఉత్త చేతులతోని ఎట్ల పోదునురా? పండుగ దినాలు పోనీ, చెప్త."

"ఎవల పండుగ?"

"క్రిస్మస్."

"మనకెప్పటి సంది బాపు క్రిస్మస్? మనం మతం మారినమా?"

"నాకైతె పోయిన నెల సంది క్రిస్మసే. పొద్దుగాల ఎర్రంగి, ఎర్రటోపి, మూతికి దూది. నీకేం తెలుసు, ఆ గడ్డం ఏసుకుంటె ఎంత గులగుల పెడ్తదో. గోకుదామంటె సూపర్‌వైజర్ చూస్తుంటడు."

"ఆ గడ్డం తోనే ఉండి నోరు తెరవకుంటె అయిపోవు కద. నేను సుకంగ చదువుకుందును."

"నువ్వు నా కాలు తొక్కితివి."

"గా మియాపూర్ మాల్‌ల అందరు తొక్కుతున్నరు. ఈ నెల మొదట్ల పరీక్షలు అయిపోయినయని, ఒక ఫోటో దిగుదామని ఆకాశ్‌గాడు నన్ను గుంజుకొచ్చిండు. 'క్రిస్మస్ తాతా, జర నవ్వు' అన్న. నువ్వేమన్నవ్?"

"యాదికి లేదు."

"నాకున్నది. 'సక్కగ నిలవడు బిడ్డా, కాలు తొక్కుతున్నవ్' అన్నవ్. మంచు దేశం నుంచి బండి కట్టుకొని వచ్చిన తాత, యెల్లారెడ్డి మాట మాట్లాడుతుండు! ఆకాశ్‌గాడు కింద పడి నవ్విండు. నేనొక్కన్నే నవ్వలే."

"నువ్వు ఉరికినవ్."

"ఉరకనా మరి? దుబాయిల ఉన్న బాపు మియాపూర్ల పిల్లలకు చాక్లెట్లు పంచుతుంటె ఏం జెయ్యాలె? లైన్ల నిలవడి నేను గూడ ఒకటి తీసుకోవాల్నా?"

"ఇచ్చిన కద నీకు."

"ఇచ్చినవ్. అందరికి ఒకటిచ్చి నాకు పిడికెడు ఇచ్చినవ్. అందుకే నువ్వేనని పక్కా అయింది."

"జర ఆ తువ్వాల ఇటియ్యి."

"ఏడుస్తున్నవా ఏంది?"

"లేదు. దుమ్ము. బస్సులొచ్చి పోతుంటె దుమ్ము కాదా? కామారెడ్డి బస్టాండ్ల దుమ్ము ఎప్పుడు గింతే."

"ఎప్పుడు గింతే అంటె, నువ్వు ఎప్పుడొచ్చినవ్ ఈ మధ్య?"

"వచ్చిన ఒకపారి."

"ఎప్పుడు?"

"కంపెనీ బందయినంక. పాస్‌పోర్టు చేతిల పెట్టి పొమ్మన్నరు. విమానం దిగి సీదా ఇంటికే పోవాలని ఈడిదాక వచ్చిన. గా సిమెంటు బల్ల మీదనే కూసున్న."

"ఇంటికి రాలే కద నువ్వు?"

"యెల్లారెడ్డి బస్సు పాయె. అది పోయినంక ఇంకోటి పాయె. కండక్టర్ రెండుపార్లు చూసిండు నా దిక్కు, ఎక్కుతడేమొ అని. కాళ్లు లేవలేదురా. పోయేనాడు వాడకట్టంత వచ్చి దండలేసి తోలిండ్రు. గా దండలతోని ఫోటో గూడ దిగితిమి. ఇప్పుడు అదే సందుల నుంచి సంచి పట్టుకొని ఎట్ల నడవాలె? ఇజ్జత్ అడ్డమొచ్చింది."

"దండలు అదే దినం మేక తినేసింది బాపు. వాడకట్టు గూడ మరిసిపోయింది."

"నేను మరువలే కద."

"మరి ఏం జేసినవ్?"

"హైదరాబాద్ బస్సెక్కి ఎనక్కి పోయిన. రెండు దినాలు చూసి, పని చూసుకొని, ఆడికెల్లి ఇంటికి ఫోన్ జేద్దామనుకున్న. పని దొరికింది. ఫోన్ల మీ అమ్మ 'దుబాయిల ఎండలు మస్తున్నయట, పయిలం' అన్నది. అవునన్న. గంతే. ఆ ఒక్క 'అవును' పట్టుకొని ఈడిదాక వచ్చిన."

"ఒక్క 'అవును'కు అట్టపెట్టె నిండ సామాను."

"ఎక్కు, ఎక్కు. బస్సొచ్చింది. కూకట్‌పల్లి దిక్కు లోపటికి తిప్పు."

బస్సు తాడ్వాయి దాటింది. లింగంపేటలో ఎక్కిన మైసన్న వాళ్ల వాడకట్టు మనిషే. బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నా వచ్చి సరిగ్గా వీళ్ల ముందు సీట్లో, వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"బాలమల్లూ! నువ్వేనా తమ్మీ? దుబాయి నుంచేనా?"

"అవునన్నా. మంచిగున్నవా మైసన్నా?"

"మంచిగున్న. ఏడాదికే సెలవిచ్చిండ్రా? మా అల్లుడు పోయి మూడేండ్లాయె, పండుగలేదు పబ్బంలేదు."

"మా కంపెనీ మంచిదన్నా."

"అవు కాకా. అంత మంచి కంపెనీ దొరకదు. ఇంటికి పొమ్మంటె పొమ్మంటది, ఒక్క మాట ఎక్కువ అడగది."

"నువ్వు ఊకో చక్రీ. పెద్దోల్లు మాట్లాడుతుంటె."

"మాట్లాడనియ్యి తమ్మీ, పట్నంల చదువుకున్న పిలగాడు. కానీ బాలమల్లూ, దుబాయి పోయినోల్లు నల్లగయి వస్తరు. నువ్వు తెల్లగయినవ్?"

"అది... ఏసీ అన్నా. ఏసీల పని."

"ఏసీలనా! ఏం పని?"

"పెద్ద మాల్ అన్నా. అండ్ల..."

"మనుషులతోని సంబంధాల పని కాకా. వచ్చినోల్లకు చెయ్యిచ్చుడు, నవ్వుడు, ఫోటో దిగుడు."

"గంతేనా? నవ్వుతె జీతమిస్తరా?"

"డ్రెస్సు గూడ వాల్లే ఇస్తరు. తలకెల్లి కాళ్ల దాక."

"సుకం తమ్మీ నీది! మా అల్లుడు ఎండల ఇనుప రాడ్లు మోస్తుండు. నా కోసం గా కంపెనీల ఒక మాట అడగరాదు? వాడు గూడ మంచిగనే నవ్వుతడు."

"అడుగుతనన్నా."

"చిన్న పిల్లలంటె ఓపికుండాలె కాకా. గడ్డం గుంజుతరు."

"దుబాయి పిల్లలు గడ్డం గుంజుతరా?"

"చక్రీ, కిటికి ముయ్యి. చలి పెడ్తుంది అన్నకు."

"నాకేం చలి లేదు. అరబ్బీ వచ్చిందా మరి?"

"కొద్దిగ వచ్చింది. యల్లా అంటె నడువు. ఖల్లాస్ అంటె అయిపోయింది."

"బాపుకు గా రెండే వచ్చినయి కాకా. రెండోది జర తొందరగ నేర్చుకున్నడు."

"మంచిది మంచిది. నీ పెండ్లాము మాత్రం మస్తు ధైర్యం గల్ల మనిషి తమ్మీ. వాడకట్టుల ఆడోల్లు బీడీలు చేసుకుంట ఎవలన్న నీ ముచ్చట తీస్తె చాలు, 'మా ఆయన యాడున్నా మమ్ముల మరిచేటోడు కాదు' అంటది. గంతే, ఇంకో మాట ఉండది."

"గట్లన్నదా?"

"నా చెవులతోని ఇన్న. సరే, నేను ముందర దిగుత, పొలం కాడ మోటరు చూడాలె. మా అల్లుని ముచ్చట మరువకు."

"మరువనన్నా. ఉంట."

"పోయిండా?"

"పోయిండు. తుడుసుకో బాపు. చలికాలం గింత చెమట పడ్తె డాక్టర్ల కాడికి తీస్కపోతరు."

"నువ్వు చేసిందే అంత. గడ్డం ముచ్చట ఎందుకు తీసినవ్?"

"మైసన్న కాకకే గిట్లయితివి. ఇగ అమ్మ ముంగట ఎట్ల? ఆమె ఒక్కపారి చూసిందంటె నేను బయట ఏం తిన్ననో గూడ చెప్తది."

"యాడున్నా మరిచేటోడు కాదు అన్నదట రా."

"ఇన్న."

"గసొంటి మనిషికి నేను బేగంబజార్ అత్తరు కొన్న."

"అత్తరు మంచిదే బాపు. దేశమే తప్పు."

"చెప్త రా. గడప దాటి, కాళ్లు కడుక్కొని, కూసొని చెప్త. నువ్వు నా పక్కన ఉండు."

"ఉంట. కానీ నేను మొదలుపెట్ట. నువ్వే పెట్టాలె."

"నేనే పెడ్త."

"ఖర్జూరాలిచ్చి మొదలువెట్టకు."

"ఖర్జూరాలు అయినంక ఇస్త."

యెల్లారెడ్డిలో ఇల్లు. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్న వనజ, మొగుణ్నీ కొడుకునీ చూసింది. చాట దించలేదు.

"వచ్చిండ్రా? చెప్పులు ఆడ ఇడువుండ్రి. దుబాయి ఇసుక ఇంట్ల పడ్తది."

"వనజా, మంచిగున్నవా?"

"ఉన్న. నువ్వే చిక్కలే. ఆడి తిండి ఒంటికి పట్టినట్టుంది."

"ఏం తిండి, రొట్టెలు..."

"ఇరానీ చాయ్ దొరుకుతదట కద?"

"దొరుకుతది. అంటె, ఇరానోల్ల దేశం దగ్గరనే కద ఆడికి."

"అవు, పక్కదే. ఉస్మానియా బిస్కెట్లు గూడ దొరుకుతయా?"

"అమ్మా, ముందుగాల నీళ్లియ్యి."

"కుండ ఆడనే ఉన్నది, నీ చేతులు పడిపోయినయా? ఏడాదికి మొగడొచ్చిండు, దేశం ముచ్చట్లు చెప్పిచ్చుకోనియ్యి. ఏమయ్యా, రైలు గూడ ఉన్నదటనే? పైనుంచి పోతదట, వంతెన మీదికెల్లి."

"మెట్రో! ఉన్నది వనజా. దుబాయిల మెట్రో నిజంగనే ఉన్నది. వీన్ని అడుగు, ఫోన్ల చూపెడ్తడు."

"నిజంగ ఉన్నదాన్ని గురించి గంత గట్టిగ చెప్తరా? అండ్ల తెలుగుల గూడ చెప్తరా మరి, 'తదుపరి స్టేషన్ మియాపూర్' అని?"

"బాపు, మొదలువెట్టు."

"వనజా, నేను చెప్దామనే వచ్చిన. గడప కాడనే చెప్దామని..."

"ఏం చెప్తవ్ ఇగ? ఎండాకాలంల ఒక దినం ఫోన్ జేసి క్యాంపుల ఉన్న అంటివి. ఎనుకనుంచి మైకుల మొత్తుకుంటుండ్రు, పాత ఇనుప సామాన్లు కొంటం, పాత కూలర్లు కొంటం అని. సక్కటి తెలుగు. దుబాయి షేకులు పాత కూలర్లు అమ్ముకునే కాడికి వచ్చిండ్రా అనుకున్న."

"అప్పటి సందే ఎరుకనా నీకు?"

"ఆ దినం అనుమానం. రైలుల కూసొని ఫోన్ జేసిననాడు పక్కా."

"మరి అడగకపోతివి!"

"అడిగితె ఏం జేస్తుంటివి? మస్కట్ల ఉన్న అంటుంటివి."

"హహ్హ..."

"నవ్వకురా నువ్వు. నీదేం తక్కువ? ఇదివరకు ఫోన్ల 'బాపు ఎప్పుడొస్తడు, బాపు ఎప్పుడొస్తడు' అని గునిసేటోనివి. ఈ నెలల ఒక్కపారన్న అడిగినవా? అప్పుడే తెలిసింది, నీకు కనవడ్డడని."

"నేను చెప్దామనే అనుకున్ననమ్మా. బాపు ఒట్టేపిచ్చుకున్నడు."

"ఇద్దరికి ఇద్దరు చెప్దామనే అనుకున్నరు. పుణ్యాత్ములు."

"తప్పయింది వనజా. ఇంటిదాక వద్దామని కామారెడ్డి వరకు వచ్చిన. మొకం చెల్లలే."

"నాకు చూపెట్టనీకే మొకం చెల్లలేదా? నేనేమన్న వాడకట్టునా?"

"కాదు."

"అయితె నాకు గీ ఖర్జూరాలెందుకు? సరే, తెరువు. తెచ్చినవ్ కద, చూద్దాం. ఏం పని ఆడ?"

"మాల్ల. ఇప్పుడైతె క్రిస్మస్ తాత ఏషం ఏపిచ్చిండ్రు. గడ్డం గిడ్డం."

"నీకా? నీకు నవ్వ రాదు కద."

"నేర్పిచ్చిండ్రు."

"ఒకపారి నవ్వు, చూస్త."

"వనజా..."

"నవ్వు. ఏడాదాయె చూసి."

"అమ్మా, బాపు ఏడుస్తుండు."

"ఏడ్వనియ్యి. పట్నంల ఏడ్వనీకి గూడ జాగ దొరకలేదేమొ."

"దొరకలే వనజా. రూముల ఎనిమిది మందిమి. ఒక్కనికి ఒక్కడు పేరు గూడ ఎరుక లేదు. పొద్దుమీకి డ్యూటీ అయినంక ఎవలతోని మాట్లాడాలె? నీకు ఎరుక అని ఒక్క మాట అంటె ఉరికొస్తుంటి."

"రాకపోదువు. నీ మొండితనం నాకెరుక. నీ అంతట నువ్వొస్తెనే ఇంట్ల ఉంటవ్. నేను గుంజుకొస్తె ఇంట్ల మనిషి ఉంటడు గాని నువ్వుండవ్."

"ఆయనకు చెప్పకుంటివి, సరే. నాకన్న చెప్పొద్దా అమ్మా? నేను గూడ ఆ పట్నంల్నే ఉన్న కద! బాపు గింత దూరంల ఉంటె, నేను హాస్టల్ల ఉప్మా బాలేదని నీకు ఫోన్ల ఏడుస్తుంటి."

"చెప్తె మొదటి దినమే పోయి కొట్లాడుతుంటివి. ఆయన ఇంకో రూము చూసుకుంటుండె. తండ్రికొడుకులు కద, యాడనో ఒకకాడ ఎదురువడ్తరు అనుకున్న. క్రిస్మస్ దాక పడ్తదనుకోలే."

"ఎదురువడుడేంది? నేను ఆడికి పోయింది చదువుకోనీకి!"

"గట్లనే అనుకో. కామారెడ్డి కాలేజీల సీటొచ్చిందని నువ్వు ఎగురుతుంటె, వద్దు, హైదరాబాదే పోవాలె అని నేను అన్నం మానేసి కొట్లాడింది నీ డిగ్రీ కోసమనుకున్నవారా? అంత పెద్ద పట్నంల మీ బాపుకు నా అనేటోడు ఒక్కడు లేకపాయె."